ధ్వని వచ్చుటయే మరమ్మతు కాదు

మన దేవాలయములలోను మిషను పాఠశాలలలోను హార్మోనియము, తబలా, ఆర్గనుల ధ్వని మాత్రమే వినబడిన దినములు గడచినవి. ఇప్పుడు గిటారు లేని గాయకబృందము అరుదు. విద్యుత్ గిటారు వచ్చినచోటికి దాని వెంట వాదకుని పాదముల చెంతకు చిన్న లోహపు పెట్టెలును వచ్చినవి. వీనిని మన బాలురు పెడళ్లని పిలుచుచున్నారు. ఒక పెట్టె తీగనాదమును గరుకుగా మార్చును. ఒకటి దానిని ప్రతిధ్వనింపజేయును. వేఱొకటి అలవలె ఊగించును. పాదముతో మీట నొక్కినచో పని ప్రారంభమగును, మరల నొక్కినచో ఆగును. వీనిలో మంచివి వేల రూపాయల వెల గలవి. ఇంటిలో పైసా పైసా కూడబెట్టి కుమారునికి ఇట్టి పెట్టె కొనిపెట్టిన తల్లులు మా యెఱుకలో నున్నారు.

ఇట్టి పెట్టె మూగవోయినప్పుడు మనము చేయు పనిని గూర్చి మాకొక యభిప్రాయము కలదు. దానిని ఈ సంచికయందు విద్యార్థుల యెదుటను, వారి తలిదండ్రుల యెదుటను, మాతోటి ఉపాధ్యాయుల యెదుటను ఉంచుచున్నాము. పెడలు మూగవోవుటకు కారణము లనేకములు గలవు. మేము చూచినవానిలో తఱచుగా కనబడునది యొక్కటి: తగని అడాప్టరు తగిలించుటచేత లోపలి రక్షణభాగము కాలిపోవుట. అట్టి పెడలును బాగుచేయుట సులువు. బాగుచేసితిమని భ్రమపడుట అంతకంటెను సులువు. ధ్వని మరల వచ్చినంతమాత్రమున మరమ్మతు ముగియదనియు, కాలిన రక్షణను మరల నిలిపి, అది కాలుటకు గల కారణమును తొలగించినప్పుడే ముగియుననియు మా వాదము.

ఈ పెట్టెల పుట్టుక మన దేశమునందు కాదు. ట్రాన్సిస్టర్లతో చేయబడి అంగళ్లలో విఱివిగా దొరకిన తొలి పెట్టెలలో ఒకటి అమెరికాలోని గిబ్సను సంస్థవారు మాస్ట్రో పేరిట 1962లో వెలువరించిన ఫజ్-టోన్. 1966లో లండనునందలి ఆర్బిటరు సంస్థవారు ఫజ్ ఫేస్ అను గుండ్రని పెట్టెను తెచ్చిరి. 1977లో జపానుదేశపు బాస్ సంస్థవారు అఱచేతి యంత చిన్న పెడళ్లను చేయ మొదలిడిరి. వారు 1978లో తెచ్చిన డి.ఎస్.-1 అను నారింజరంగు పెట్టె నేటికిని తయారగుచున్నది. తొలి పెట్టెలకు బ్యాటరీయే ఆధారము. పిమ్మట 9 వోల్టుల బ్యాటరీతోపాటు గోడప్లగ్గున పెట్టు అడాప్టరును కూడ తగిలించుకొను ఏర్పాటు వచ్చినది. మేము చెప్పబోవు చిక్కంతయు ఆ చిన్న రంధ్రముకడనే మొదలగుచున్నది.

పెడళ్లలో ఎక్కువభాగమునకు వాడుకలోనున్న అడాప్టరు మొన వెలుపలి వ్యాసము 5.5 మిల్లీమీటర్లు, లోపలి రంధ్రము 2.1 మిల్లీమీటర్లు. దానిలో మధ్యభాగము ఋణధ్రువము, వెలుపలి గొట్టము ధనధ్రువము. ఇది కారణము లేక ఏర్పడిన పద్ధతి కాదు. అడాప్టరు మొన లోపలికి పోగానే బ్యాటరీ తనంతట తాను విడిపోవలయును. లేనిచో అడాప్టరు బ్యాటరీలోనికి విద్యుత్తును నెట్టును. సాధారణముగా దొరకు సాకెట్లలో అట్లు విడదీయు స్పర్శ వెలుపలి గొట్టమునకు సంబంధించినది. కావున బ్యాటరీ ధనధ్రువమును దానిగుండ పోనిచ్చి, వెలుపలి భాగమునే ధనము చేసిరి. మన యిండ్లలోని వై-ఫై రౌటర్లకును కాపలా కెమెరాలకును వచ్చు అడాప్టర్ల సంగతి వేఱు. వానిలో పెక్కింటికి మధ్యభాగము ధనము, వోల్టులు 12. మొన మాత్రము అదే కొలత. చూపునకు కవలపిల్లలవలె నుండును. ఒకటి పెడలును పోషించును, రెండవది దానిని కాల్చును. మొన రంధ్రమున చక్కగా అమరినది గదా యని మన బాలురు నమ్ముచున్నారు. అమరుట వేఱు, తగుట వేఱు.

ఈ ప్రమాదమును నిర్మాతలు ఎఱుగనివారు కారు. అందుచేతనే పెడలులోపల ధన ఋణ తీగల నడుమ డయోడను చిన్న భాగమును అడ్డముగా నుంచుదురు. డయోడు విద్యుత్తును ఒక దిక్కునకే పోనిచ్చును. ధ్రువములు సరిగా నున్నంతకాలము ఇది ఏ పనియు చేయక ఊరకుండును. ధ్రువములు తాఱుమాఱైన క్షణమున ఇది తెఱచుకొని, ప్రవాహమునంతయు తనగుండనే మరలించును. అప్పుడు లోపలి భాగములపై పడు తాఱుమాఱు వోల్టేజి ఒక వోల్టునకు అటునిటుగా నిలిచిపోవును. చెఱువునకు అలుగు ఎట్టిదో పెడలునకు ఈ డయోడు అట్టిది. ఏడాది పొడవున అలుగుపై ఎవరికిని దృష్టి యుండదు; వరద వచ్చిన రాత్రి కట్టను కాపాడునది అదియే.

అయినచో ఈ కాలమున అది ఏల ఇంత తఱచుగా కాలుచున్నదని అడుగవచ్చును. వెనుకటి అడాప్టర్లలో ఇనుపచుట్టు ట్రాన్సుఫార్మరు ఉండెడిది; అవి ఇచ్చు ప్రవాహము పెక్కింట రెండు మూడు వందల మిల్లీఆంపియర్లకు మించెడిది కాదు. డయోడు తెఱచుకొన్నంతనే వాని వోల్టేజి క్రుంగిపోయెడిది. డయోడు వెచ్చబడి బ్రతికెడిది. నేటి చిన్న అడాప్టర్లు తేలికయైనను 1 ఆంపియరు, 2 ఆంపియర్లు తడబడక ఇచ్చును. పెడళ్లలో వాడు 1ఎన్4001, 1ఎన్4007 అను డయోడ్లు ఎడతెగక మోయగల ప్రవాహము 1 ఆంపియరు. దానిపై 2 ఆంపియర్లు మోపినచో అది కొద్ది క్షణములలోనే వేడెక్కి లోలోపల అతుకుకొని పోవును. అప్పటినుండి అది ఇరుదిక్కులకును తెఱచియున్న మార్గమే. సరియైన అడాప్టరు తగిలించినను, క్రొత్త బ్యాటరీ పెట్టినను విద్యుత్తు దానిగుండనే పోవును గాని లోపలికి చేరదు. పెడలు మూగవోవును. ఇట్లు మూగవోయిన పెడలులో తక్కిన భాగములన్నియు క్షేమముగా నుండుటయే పెక్కుమాఱులు మేము చూచినది. రక్షణభాగము తన పని తాను చేసి పోయినదని అర్థము.

ఇచ్చటనే శోధన కలుగుచున్నది. కాలిన డయోడును కత్తిరించి పాఱవేసినచో పెడలు తక్షణమే పలుకును. క్రొత్తది పెట్టనక్కఱలేదు, ధ్వనిలో ఏ మాత్రమును భేదముండదు. ఎంత చెవిగలవాడైనను కనిపెట్టజాలడు. కొన్ని అంగళ్లలో జరుగునది ఇదియే.

దీని ఫలమెట్టిదో మన పాఠశాలలోనే చూచితిమి. రెండు సంవత్సరముల క్రిందట క్రిస్మసు పాటల అభ్యాసమునందు గాయకబృందమువారి డిస్టార్షను పెడలొకటి మూగవోయెను. అడిగినప్పుడు బాలురందఱును తామేమియు చేయలేదనిరి. దానిని పట్టణములోని యొక అంగడికి పంపగా, అచ్చటి పనివాడు డయోడును తీసివేసి, అదే దినమున పంపివేసెను. పాటలు చక్కగా జరిగినవి. మఱి నాలుగు నెలలకు ఈస్టరు ఆరాధనకు ముందురాత్రి వేఱొక బాలుడు, పెడలు అడాప్టరు కనబడక, కార్యాలయమునందలి రౌటరు అడాప్టరును తెచ్చి తగిలించెను. అది 12 వోల్టులు, 2 ఆంపియర్లు గలది, మధ్యభాగము ధనము. ఈమాఱు అడ్డుపడుటకు లోపల ఎవరును లేరు. రెండు ఎలెక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఉబ్బిపోయినవి; ఐ.సి. మాడినది, రాగిదారి యొకటి పలకనుండి లేచిపోయినది. ఆ బాలుడు సిగ్గుచేత కొన్ని వారములు గాయకబృందమున కనబడలేదు. పిదప తెలియవచ్చినదేమనగా, క్రిస్మసునాడు జరిగినదియు అదే పొరపాటు. నాటి బాలుడు భయపడి చెప్పలేదు. చెప్పియున్నచో ఆ అడాప్టరు మరల అక్కడికి వచ్చెడిది కాదు.

అంగడివాని పక్షమున చెప్పదగిన మాటలు లేకపోలేదు. అతనికి అప్పగించినది మూగవోయిన పెట్టె. అతడు మరలనిచ్చినది పలుకు పెట్టె. పుచ్చుకొన్న రూపాయలు కొద్ది. క్రిస్మసు దగ్గఱపడినది; మనమే త్వరపెట్టితిమి. ఏమి తగిలించితిరని అతడడిగినను మనవారు నిజము చెప్పియుండరు. ఇవన్నియు ఒప్పుకొనవలసినవే. అయినను గ్రామమున అలుగు తెగి నీరంతయు పోవుచున్నప్పుడు, ఆ తావును మట్టితో పూడ్చి కట్టను సరిచేసితిననువానిని పెద్దలు మెచ్చుకొందురా? నీరు నిలుచును, పొలములు పాఱును, వేసవి గడచును. ఆ పని ఎట్టిదో తొలకరి వరదనాడు తెలియును. అంగడివాడు చేసినదానిని మేము మోసమనము. సగము పని యనియు, మిగిలిన సగమును చెప్పకపోవుట తప్పనియు అందుము. రక్షణను తీసివేసితిని, క్రొత్తది పెట్టించుకొనుడని ఒక్క చీటిముక్క వ్రాసి అంటించినను మన పెడలు రెండవమాఱు మాడెడిది కాదు.

సరియైన మరమ్మతు ఎట్లు జరుగవలయునో చెప్పక ఇతరులను తప్పుపట్టుట న్యాయము కాదు. గాన మన ప్రయోగశాలలో పదవ తరగతి విద్యార్థులు నలుగురు మా యెదుట ఆ పెడలును బాగుచేసిన క్రమమును వివరించెదము.

మొదట అడాప్టరును, బ్యాటరీని, గిటారు తీగను తీసివేసిరి. పెట్టె అడుగుపలక విప్పి, కంటితో చూచిరి. ముక్కుతో వాసన చూచిరి. మాడిన భాగము చాలమాఱులు తన్ను తానే పట్టియిచ్చును. తరువాత మల్టీమీటరును డయోడు గుర్తుపై నుంచి పరీక్షించిరి. మంచి సిలికాను డయోడు ఒక దిక్కున 0.5 మొదలు 0.7 వోల్టు వఱకు చూపును. రెండవ దిక్కున ఏమియు చూపదు. అతుకుకొనిపోయినది ఇరుదిక్కులను సున్నకు దగ్గఱగా చూపును. పలకపై నున్నప్పుడు ప్రక్క భాగములు కొలతను చెఱుపవచ్చును గనుక, అనుమానము కలిగినచో ఒక కాలిని పైకి లేపి కొలువవలయును. మన పెడలులో డయోడు ఉండవలసిన తావు ఖాళీగా నుండుట అప్పుడే బయటపడినది.

క్రొత్త డయోడు 1ఎన్4001 గాని 1ఎన్4007 గాని కావచ్చును; వెల రెండు మూడు రూపాయలు. దాని యొంటిపై ఒక ప్రక్కన నున్న గీఱ ధనతీగవైపు ఉండవలయును. గీఱ తలక్రిందులైనచో సరియైన అడాప్టరు తగిలించినప్పుడే అది కాలును. ఉబ్బిన కెపాసిటర్లను తీసి, అదే కొలతగలవానిని, ధన ఋణములు చూచి అతికిరి. మాడిన ఐ.సి. స్థానమున తిన్నగా మఱియొకదానిని అతుకక, సాకెట్టు నుంచి అందులో గ్రుచ్చిరి. లేచిన రాగిదారికి మాఱుగా సన్నని తీగను వైచిరి. భాగములన్నిటి వెల నూఱు రూపాయలకు లోబడియే యున్నది.

ఇంతటితో అడాప్టరు తగిలింపలేదు. లోపల ఇంకెక్కడనైన లోపమున్నచో క్రొత్త భాగములును కాలును. అందుచేత 9 వోల్టుల అడాప్టరునకును పెడలునకును నడుమ 100 ఓములు, 1 వాట్టు గల రెసిస్టరును వరుసగా నుంచి, దాని రెండు కొనల నడుమ వోల్టేజిని కొలిచిరి. లోపల దారులు అతుకుకొనియున్నచో రెసిస్టరుపైననే 9 వోల్టులును నిలుచును. అప్పుడైనను ప్రవాహము 90 మిల్లీఆంపియర్లకు మించదు గావున హాని లేదు. మా విద్యార్థులకు 1 వోల్టు కనబడెను. ఓము నియమము ననుసరించి అది 10 మిల్లీఆంపియర్లు. డిస్టార్షను పెడళ్లలో అనేకములు 20 మిల్లీఆంపియర్లకు లోపల పనిచేయునవే గనుక ఇది మంచి గుర్తు. ఎక్కువ ప్రవాహము కోరు డిజిటలు పెడళ్లకు ఈ పరీక్ష పనికిరాదు. పిదప రెసిస్టరును తీసి ఐ.సి. కాళ్లను కొలిచిరి: 8వ కాలు 9 వోల్టులు, 4వ కాలు సున్న, 1వ కాలును 7వ కాలును సుమారు సగము. అప్పుడే గిటారు తీగను తగిలించిరి. ధ్వని కడపట వచ్చినది. రక్షణ దానికంటె ముందే వచ్చినది. ఈ వరుసయే మేము కోరునది.

వెనుకటి రక్షణను మరల నిలుపుటతో తృప్తిపడవలయునా, దానిని బలపఱుపవలయునా అని విద్యార్థులు అడిగిరి. మంచి ప్రశ్న. అడ్డముగానుండు డయోడు తాను కాలి యితరులను కాపాడును; ప్రతి తప్పిదమునకు ఒక డయోడు చెల్లింపవలసినదే. ధనతీగలోనే వరుసగా డయోడు నుంచినచో, ధ్రువములు తాఱుమాఱైనప్పుడు తలుపు మూసినట్లు ప్రవాహము ఆగిపోవును, ఏదియు కాలదు. కాని మామూలు డయోడు 9 వోల్టులలో 0.6, 0.7 వోల్టును తాను తీసికొనును; దానివలన స్వరము కొంత మాఱునని వాదకులు ఒప్పుకొనరు. 1ఎన్5817 వంటి షాట్కీ డయోడు తీసికొనునది అంతకంటె తక్కువ. పి-చానెల్ మాస్‌ఫెట్ అను భాగము దాదాపు ఏమియు తీసికొనదు. మన పెడలునకు వరుసలో షాట్కీ డయోడును చేర్చితిమి. స్వరభేదమును మా గాయకులెవరును గుర్తింపలేదు.

ఇందు రెండు హెచ్చరికలు చేయవలసియున్నది. మొదటిది, ఇవన్నియు ధ్రువముల తాఱుమాఱునకు మందులే గాని హెచ్చు వోల్టులకు మందులు కావు. కొన్ని పెడళ్లలో నుండు మాక్స్1044 వంటి ఐ.సి. 10.5 వోల్టులకు మించి ఓర్వలేదు. ధ్రువము సరిగా నున్నను 12 వోల్టులు దానిని చంపును. రెండవది, పాత ఫజ్ ఫేస్ వంటి కొన్ని పెట్టెలలో జెర్మేనియము పి.ఎన్.పి. ట్రాన్సిస్టర్లు ఉండి, ధనధ్రువమే పెట్టె లోహమునకు కలిపియుండును. అట్టివానియందు పైన చెప్పిన దిక్కులన్నియు తిరుగబడును. కావున చూచి తెలిసికొనకముందు ఏ పెట్టెనైనను అతుకబూనరాదు.

ఇంత శ్రమ యేల, క్రొత్తది కొనుకొనరాదా యని కొందఱనుచున్నారు. కొనగలవారు కొనవచ్చును. కాని రెండు రూపాయల భాగము కాలినందున వేల రూపాయల పెట్టెను చెత్తలో వేయుట, ఎవరి సొమ్మైనను, మంచి గృహనిర్వాహకత్వము కాదు. మన దేశమున 2023 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన నూతన ఎలక్ట్రానిక్ వ్యర్థముల నిబంధనలు ఇట్టి చెత్తను విచ్చలవిడిగా పాఱవేయుటను అరికట్టుటకే యేర్పడినవి. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖవారు మరమ్మతు హక్కును గూర్చి యొక సంఘమును నియమించి, అదే సంవత్సరము డిసెంబరులో ఆ పేరిట ఒక వెబ్‌సైటును తెఱచిరి. వ్యవసాయ పరికరములు, చేతిఫోనులు, గృహోపకరణములు, మోటారువాహనములు ముందుగా వారి దృష్టికి వచ్చినవి. వాద్యపరికరములవంతు ఎప్పుడు వచ్చునో యని మనము చేతులు ముడుచుకొని కూర్చుండనక్కఱలేదు. హక్కు కాగితముమీద నున్నంతమాత్రమున చాలదు. దానిని వాడుకొనుటకు చేతిలో నేర్పుండవలయును.

పాఠశాల పాఠములు చెప్పుటకేగాని పనిముట్లు బాగుచేయుటకు కాదని మఱికొందఱి వాదము. పదవ తరగతి విద్యార్థి ఓము నియమమును కంఠస్థము చేసి పరీక్షలో వ్రాయుచున్నాడు. ఆ నియమమే 100 ఓముల రెసిస్టరుమీద 1 వోల్టుగా తన కన్నులయెదుట కనబడినప్పుడు ఆ నలుగురి ముఖములలో వచ్చిన వెలుగు మేము నల్లబల్లయెదుట నెన్నడును చూడలేదు. అపాయమును గూర్చి తలిదండ్రులకు కలుగు భయము మాత్రము న్యాయమైనది. గోడప్లగ్గునందలి 230 వోల్టుల జోలికి విద్యార్థిని పోనీయరాదు. అడాప్టరు పెట్టెను విప్పనీయరాదు. పెడలులోని 9 వోల్టులు అట్టివి కావు. అతుకు ఇనుము కాల్చును గనుక కంటికి అద్దములు పెట్టవలయును. సోల్డరు తీగయందు సీసముండుటచేత పని ముగియగానే చేతులు కడుగుకొనవలయును. గది కిటికీలు తెఱచియుంచవలయును. ఉపాధ్యాయుడు ప్రక్కన లేక ఏ పనియు చేయరాదు.

ఇక మా వాదములో ముఖ్యమైన భాగము మిగిలియున్నది. పెడలు రెండుమాఱులు మాడుటకు కారణము అంగడివాడు కొంత. మొదటి బాలుని మౌనము కొంత. ఆ మౌనమునకు కారణమెవరు? పరికరము చెడినప్పుడల్లా ఎవడు చెఱచెనని గద్దించు పెద్దలమే. ఎవరు చేసిరను ప్రశ్నకు భయపడిన పిల్లవాడు, ఏమి జరిగెనను ప్రశ్నకును జవాబు చెప్పడు. బాగుచేయువానికి కావలసినది ఆ రెండవ ప్రశ్నకు జవాబే. ఏ అడాప్టరు తగిలించితివి, ఎంతసేపు, పొగ వచ్చినదా, వాసన వచ్చినదా యనునవి తెలిసినచో సగము వెదుకులాట తప్పును. నిజము చెప్పిన బాలుని శిక్షించు ఇంటిలోను పాఠశాలలోను ఏ మరమ్మతును సరిగా జరుగదు. కాలిన భాగమును దాచుట యెట్టిదో, జరిగినదానిని దాచుటయు అట్టిదే. తప్పును ఒప్పుకొన్నవానికి క్షమాపణ కలదని ప్రతి ఆదివారము బోధించు మనము, సోమవారమున ఆ మాటను నిలుపుకొనవలయును. తప్పు చెప్పినవానిచేతనే మరమ్మతులో ఒక చేయి వేయించుట శిక్షకంటె మేలు. ఈస్టరునకు ముందురాత్రి అడాప్టరు తగిలించిన బాలుడు, మేము పైన చెప్పిన నలుగురిలో ఒకడు. క్రొత్త డయోడు గీఱ ఎటు ఉండవలయునో తక్కిన ముగ్గురికి చూపినవాడు అతడే.

కావున రాబోవు విద్యాసంవత్సరమునకు పాఠశాల నిర్వాహకులయెదుట మూడు మనవులు చేయుచున్నాము. మొదటిది, గాయకబృందపు అడాప్టర్లన్నిటికిని ఎఱ్ఱ గుడ్డపట్టీ కట్టి, పెడలు రంధ్రముకడను అట్టి యెఱుపు గుర్తే పెట్టవలయును; ఎఱుపు లేని అడాప్టరు అచ్చటికి రాకూడదు. అడాప్టరుమీద వోల్టులను, వలయము నడుమ చుక్కగల ధ్రువచిహ్నమును చదువుట ప్రతి వాదకునికి నేర్పవలయును. రెండవది, ప్రయోగశాలలో ఒక అలమరను మరమ్మతునకు కేటాయించి, అందు మల్టీమీటరు, 25 వాట్టుల అతుకు ఇనుము, కొన్ని డయోడ్లు, రెసిస్టర్లు, కెపాసిటర్లు ఉంచవలయును. ఇందుకగు వ్యయము ఒక పెడలు వెలకు మించదు. మూడవది, ఒక పుస్తకముంచి, ఏ పరికరము ఎప్పుడు చెడినది, ఏమి జరిగినది, ఏమి మార్చితిమి యనునది వ్రాయవలయును. చెఱచినవాని పేరు అందు వ్రాయనక్కఱలేదు.

తలిదండ్రులారా, మీ కుమారుడు గాని కుమార్తె గాని పాడైన పెట్టెను చేతబట్టుకొని యింటికి వచ్చినప్పుడు కోపగింపక ముందు జరిగినది చెప్పనిండు. విద్యార్థులారా, ఇతరుల చేతికి మరమ్మతునకు ఇచ్చినప్పుడు, బాగైనదా యని మాత్రమే అడుగకుడు. ఏమి కాలినది, దాని స్థానమున ఏమి పెట్టితిరని అడుగుడు. పాత భాగమును అడిగి తెచ్చుకొనుడు. మీరే మరమ్మతు చేయునాడు, మీ పనిని ఎవరును విప్పి చూడరని తెలిసినను, ఆ రెండు రూపాయల డయోడును మానక పెట్టుడు. పాట వినువారికి అది వినబడదు. తెలియక మఱియొక పిల్లవాడు తగని అడాప్టరు తెచ్చిన రాత్రి అది వానిని కాపాడును.